తార్నాక ఇంటి నాలుగో గోడ

శేషగిరి సార్ సంతాప సభలో నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు సార్ పాండిత్యం గురించి చెప్పారు. ఆయన చేతిరాత నోట్సును రంగస్థల శాఖ పిల్లలు ఇప్పటికీ జిరాక్సు తీసుకుని చదువుతున్నారని ఒకరు చెప్పారు. గ్రీకుల నుంచి నిన్నమొన్నటి నాటకాల దాకా అంత తేటగా చెప్పినవాళ్లు మరొకరు లేరని ఇంకొకరు అన్నారు. అన్నీ నిజాలే. నా వంతు వచ్చేసరికి ఏదో చెబుదామని లేచాను కానీ, ముందు వరుసలో సార్ భార్య అనసూయ మేడమ్ కూర్చుని ఉండడం చూశాక అనుకున్నది పక్కన పెట్టేశాను. రెండు ముక్కలు మాట్లాడి, దండం పెట్టి దిగిపోయాను. నేను చెప్పాలనుకున్నది ఐదు నిమిషాల్లో చెప్పేది కాదు. పైగా అది సార్ ఒక్కరి కథ కూడా కాదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మాది జనగామ వైపు మెట్ట వ్యవసాయం చేసుకునే ఇల్లు. డిగ్రీ అయ్యాక ఇంకా చదువుతానంటే నాన్న వద్దనలేదు, పట్నంలో అడిక్‌మెట్‌లో అక్కా బావా ఉన్నారన్న ధైర్యంతో. ఏ ఎం.ఏ. అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అక్కకు మాత్రం చెప్పాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, "నాటకాలల్ల గూడ ఎం.ఏ. ఉంటదా? మరి పరీక్షల ఏం అడుగుతరే, ఏడ్సి చూపియ్యమంటరా?" అంది. బావ సిటీ బస్సు డ్రైవరు. రెండు గదుల వాటా. పొద్దున్న లేచేసరికి కిరోసిన్ స్టవ్ వాసన, తీగ మీద ఆరేసిన ఖాకీ బట్టల సబ్బు వాసన, పక్క వాటాలోంచి ఉల్లిగడ్డ తాలింపు వాసన అన్నీ కలిసి వచ్చేవి. అక్క జొన్నరొట్టె, వెల్లుల్లి కారం డబ్బాలో పెట్టి ఇచ్చేది. ఆ డబ్బా చంకన పెట్టుకుని, క్యాంపస్ మధ్యలోంచి, సీతాఫలం చెట్లూ రాళ్లగుట్టలూ దాటుకుంటూ నడిచేదాన్ని. ఎండాకాలం ఆ రాళ్లు పొద్దున తొమ్మిదికే వేడెక్కి, పక్కనుంచి పోతుంటే పెనం దగ్గర నిలబడ్డట్టు సెగ తగిలేది.

మేం ఏడుగురం విద్యార్థులం. శేషగిరి సార్ చెప్పే పేపరు పాశ్చాత్య రంగస్థల చరిత్ర, ప్రాచీన కాలం నుంచి ఆధునిక కాలం వరకు. ఆయనది ఏలూరు పక్క. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కాతో ఉండేవారు. క్లాసులోకి రాగానే వాచీ తీసి బల్ల మీద పెట్టేవారు గానీ గంట కొట్టినా దాని వైపు చూసేవారు కాదు. జేబులో వక్కపలుకులు ఉండేవి. ఒక యుగం అయిపోయి ఇంకో యుగంలోకి వెళ్లేటప్పుడు ఒక పలుకు నోట్లో వేసుకునేవారు. విమానం ఎక్కిన మనిషి కాదు. ఆయన చెప్పే రంగశాలల్లో ఒక్కటైనా కళ్లతో చూసి ఎరగరు. అయినా వాటిలో పుట్టి పెరిగినట్టు చెప్పేవారు. మొదటివారం మమ్మల్ని క్యాంపస్ వెనక గుట్టల దగ్గరికి తీసుకెళ్లి, రాళ్ల మీద పైకీ కిందికీ కూర్చోబెట్టి, తను కింద పల్లంలో ముగ్గుపిండితో గుండ్రంగా గీత గీసి మధ్యలో నిలబడ్డారు. "చూడండి, ఇక్కడ నేను నిలబడితే మీకు నేనొక్కణ్ణే కనబడను. నా వెనక చెట్లు కనబడతాయి, ఆకాశం కనబడుతుంది. గ్రీకులు మనిషి కష్టాన్ని ఇలా చూశారు. పట్టపగలు, ఊరందరితో కలిసి కూర్చుని," అన్నారు. ఊరందరితో కలిసి అన్న మాట నాకు నచ్చింది. మా ఊళ్లోనూ కష్టాన్ని అలాగే చూస్తారు.

ఒక్క విషయంలో మాత్రం సార్ దగ్గర నాకు బెరుకు. నేను బయటికి చదివితే ఆయన ఆపేవారు. "'ఉన్నది' కాదమ్మా, 'ఉంది'. 'పోతున్న' కాదు, 'పోతున్నాను'. రంగస్థలం మీద భాష శుభ్రంగా ఉండాలి," అనేవారు. కోపంగా కాదు, అక్షరం సరిదిద్దినంత మామూలుగా. అప్పటిదాకా మా అమ్మ మాట్లాడే మాట శుభ్రంగా లేదని నాకెవరూ చెప్పలేదు. ఆ తరువాత క్లాసులో నోరు తెరిచే ముందు ప్రతి వాక్యాన్నీ లోపల ఒకసారి కడిగి ఆరేసేదాన్ని. అది బయటికి వచ్చేసరికి అందులో ప్రాణం ఉండేది కాదు. నాకు నటన రాదనుకున్నాను. సార్ కూడా అలాగే అనుకున్నారేమో, నాకెప్పుడూ బృందగానంలో వెనక వరుసే.

పాఠాలు నెమ్మదిగా తార్నాకలో సార్ ఇంటికి మారాయి. శాఖలో చోటు లేదు, చేతిపనికి అసలు లేదు. గ్రీకు ముఖతొడుగులు చేయించాలని సార్ సంకల్పం. పాత పేపర్లు నానబెట్టి, మైదా ఉడికించి జిగురు కాచి, మట్టి అచ్చుల మీద పొరలు పొరలుగా అంటించాలి. జిగురు కాచే పని అనసూయ మేడమ్ మీద పడింది. ఆవిడకు అప్పటికి నలభై లోపు. పొడగరి. నడుస్తుంటే వీపు నిటారుగా ఉండేది. గొంతు పెద్దది కాదు కానీ వంటింట్లో మాట్లాడితే డాబా మీద మాకు స్పష్టంగా వినిపించేది. ఆ ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు. ముందు గదిలో పాత పుస్తకాలది, వెనక కాఫీ గింజలు వేయించినది. ఇద్దరు పిల్లలు బడికి పోగానే ఆవిడ నీళ్లు పోసుకుని, జడ చివర ముడి వేసుకుని, కూరలు ముందు వేసుకుని కూర్చునేవారు. వానలు వెనకబట్టాక డాబా మీద ఒక చాప నిండా గుమ్మడి వడియాలు, పక్క చాప నిండా మా ముఖతొడుగులు ఆరాయి. నోళ్లు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తున్న ఆ మొహాలను చూసి కాకులు అటు వాలలేదు. "మీ గ్రీకులు రెండున్నర వేల ఏళ్ల తరువాత నా వడియాలకు కాపలా కాశారు," అని మేడమ్ నవ్వితే సార్ కూడా నవ్వారు. ఆ నవ్వులో ఆవిడ ఇంకేదో చెప్పకుండా మింగినట్టు నాకు అనిపించింది. అప్పటికి అర్థం కాలేదు.

మధ్యయుగాలు వచ్చినప్పుడు సార్ నాలుగు తోపుడు బండ్లు మాట్లాడారు. ఆ కాలంలో ఒక్కో వృత్తి సంఘంవాళ్లు ఒక్కో బండి మీద ఒక్కో ఘట్టం ఆడుతూ ఊరంతా తిరిగేవారట. జనం ఒకచోటే నిలబడితే కథే వాళ్ల దగ్గరికి నడిచొస్తుంది. తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు, పొద్దున బేరాలు అయ్యాక బండ్లవాళ్లు ఇచ్చిన రెండు గంటల వ్యవధిలో, మేం బండ్లెక్కి లోకం ఎలా పుట్టిందో ఆడాం. టమాటలు అమ్మే యాదగిరి అనే ఆయన తన బండి మీద నేను వాన దేవతగా నిలబడడం చూసి, "జర పైలం చెల్లె, ఎడమ దిక్కు చక్రం ఊగుతది," అన్నాడు. బస్సు నడుపుతూ మమ్మల్ని చూసిన బావ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "మీ సార్ ఏంది, యూనివర్సిటీ సారా, బండ్ల యూనియన్ లీడరా?" అన్నాడు. అక్క అన్నం వడ్డిస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. అలా నవ్వుతూ నవ్వుతూనే ఇటలీ వాళ్ల దృశ్యపు తెరలు దాటాం, పైకప్పు లేని ఇంగ్లీషు నాటకశాలలు దాటాం, గ్యాసు దీపాలు పోయి కరెంటు దీపాలు వచ్చాయి, ప్రేక్షకుల వైపు చీకటి చేసి కూర్చోబెట్టడం మొదలైంది. గది అంటే మూడు గోడలు, నాలుగో గోడ తీసేసి అందులోంచి మనం చూస్తాం అన్న వాస్తవిక నాటకం దగ్గరికి వచ్చాం.

ఆ పాఠానికి సార్ తన ముందు గదినే రంగం చేశారు. వరండా వైపు నాలుగు రెక్కల తలుపు బార్లా తెరిచి, మమ్మల్ని వరండాలో చాప మీద కూర్చోబెట్టారు. "మీరు అక్కడ ఉన్నట్టు మాకు తెలియదు. మేం మా ఇంట్లో మేం ఉన్నట్టుగా ఉంటాం. మీరు ఎవరు ఎటు కదులుతున్నారు, ఏ వస్తువు ఎందుకు పట్టుకున్నారు, అవి రాసుకోండి," అన్నారు. మేడమ్‌ను కూడా పిలిచి కూర్చోమన్నారు. ఆవిడ ఒక చేట నిండా గోంగూర తెచ్చుకుని, కింద కూర్చుని ఆకులు గిల్లడం మొదలుపెట్టారు. సార్ పేపరు విప్పారు.

"ఇవాళ ఏం కూర?"

"కనబడటం లేదా? గోంగూర."

"నిన్నా గోంగూరేగా."

"నిన్న తోటకూర."

మేం నవ్వాం. సార్ పేపరు చాటు నుంచి చెయ్యి ఊపి ఆపమన్నారు. మేడమ్ ఆకులు గిల్లుతున్నారు, సార్ పేజీ తిప్పారు. పాఠం చప్పగా పోతుందనుకున్నారేమో, సార్ పేపరు కిందికి దించి, "ఏమిటి ఆలోచిస్తున్నావు?" అని అడిగారు.

"ఏం లేదు."

"ఫర్వాలేదు, చెప్పు. మనసులో ఏముందో అదే చెప్పాలి. ఈ నాటకాల పద్ధతే అది."

మేడమ్ చెయ్యి ఆగలేదు. గొంతు పెంచలేదు. "పిల్లలకి రెండున్నర వేల ఏళ్ల నాటకం చెప్పారు మీరు. గ్రీకుల దగ్గర ఎవరు ఏ తొడుగు పెట్టుకున్నారో చెప్పారు. మన పెళ్లికి ముందు నేను మూడు నాటకాలు ఆడాను. వాటి గురించి ఎప్పుడైనా ఎవరికైనా చెప్పారా?"

సార్ "అనసూయా" అన్నారు. తల తిప్పి మా వైపు చూశారు. అంతకు ముందే, ఈ నాటకాల్లో నటుడు ప్రేక్షకుల వైపు చూడకూడదని చెప్పిన మనిషి ఆయన. లేచి వచ్చి, "ఇవాళ్టికి ఇంతే అమ్మా," అని ఒక్కొక్క తలుపు రెక్కా మూసేశారు. దారిలో విమల, అంటే మా క్లాసులో అందరికంటే బాగా నటించే అమ్మాయి, "మేడమ్ ఎంత న్యాచురల్‌గా చేశారు," అంది. మిగతావాళ్లూ అదే అన్నారు. కానీ ఆఖరున మేడమ్ కాడల్ని గిన్నెలో వేసి ఆకుల్ని చెత్త కాగితం మీద వేస్తుండడం నేను చూశాను.

తరువాత చాలా రోజులు ఆ ఇంట్లో క్లాసు పెట్టలేదు. శాఖలోనే వరుసగా పాఠాలు. సార్ వక్కపలుకులు మాని, గంట కొట్టగానే వెళ్లిపోయేవారు. ఒక మధ్యాహ్నం పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్తే మేడమ్ ఒక్కరే ఉన్నారు. కాఫీ ఇచ్చారు. నేను అడగకుండానే చెప్పారు. ఏలూరు కాలేజీలో మూడు నాటకాలు. మొదటిదాంట్లో ముసలమ్మ వేషం, పొడుగ్గా ఉందని. రెండోదాంట్లో ప్లీడరు గారి చెల్లెలు. మూడోదాంట్లో ఇల్లు అమ్ముకున్న జమీందారు కూతురు. దానికి మొదటి బహుమతి వచ్చింది. ఆ పోటీలకు మూడేళ్లూ న్యాయనిర్ణేతగా వచ్చిన కుర్ర లెక్చరరు శేషగిరి సార్.

"బహుమతి ఇచ్చిన ఆయనే వచ్చి పెళ్లి చేసుకున్నారు. ఆయన ఎప్పుడూ వద్దనలేదమ్మా. అదేం చిత్రమో. అత్తగారు ఉండేవారు, తరువాత పిల్లలు పుట్టారు. వద్దన్నవాళ్లు లేరు, రమ్మన్నవాళ్లు లేరు. అలా పదహారేళ్లు గడిచిపోయాయి. ఆ రోజు మీ ముందు ఎందుకు నోరు జారానో నాకే తెలియదు."

నేను గ్లాసు కింద పెట్టి, "కాఫీ బాగున్నది మేడమ్," అన్నాను. ఆవిడ నన్ను సరిదిద్దలేదు.

ఏడాది చివర్లో మేం ఒక నాటకం వెయ్యాలి. ఎవరో రాసింది కాకుండా, గ్రీకుల పద్ధతిలో సొంతంగా రాసుకోమన్నారు సార్. కథ నేనే చెప్పాను, మా వైపు విన్న ఒక బావి కథ మీద నేను అల్లుకున్నది. కరువు ఊళ్లో ఒక తల్లి తన చేన్లో బావి తవ్విస్తుంది. నీళ్లు పడవు. ఇంకా తవ్వండి అంటుంది. ఊరి ఆడవాళ్లందరూ ఆమె మాటకే వంత పాడతారు. చివరికి తల్లి పట్టుకున్న తాడుతో కొడుకు అడుగుకు దిగితే దరి కూలి వాడు పోతాడు. అదే రోజు నీళ్లు పడతాయి. ఆ బావిలో మొదటి చెంబు నీళ్లు ఎవరు తాగాలి అన్నది నాటకం. సార్‌కు బాగా నచ్చింది. కూర్చుని దగ్గరుండి రాయించారు, కానీ నేను మాట్లాడినట్టు రాసిన ప్రతి మాటనూ పుస్తకం భాషలోకి మార్చారు. తల్లి విమల. ఊరి ఆడవాళ్ల బృందానికి పెద్దను నేను. మొదటిసారి ముందు వరుసలోకి వచ్చాను.

ప్రదర్శనకు ఎనిమిది రోజులు ఉందనగా విమలకు కామెర్లు. హాస్టల్‌లో ఉన్న మనిషిని వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. సార్ శాఖలో తల పట్టుకుని కూర్చుని, ఇక మానేద్దాం అన్నారు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో, ఆయన ఎదురుగా నిలబడి, "మేడమ్ చేస్తరు సార్," అన్నాను.

సార్ బల్ల మీది వాచీని అటూ ఇటూ జరిపారు. "ఆవిడకి అలవాటు తప్పిపోయిందమ్మా. ఇన్నేళ్ల తరువాత నలుగురిలో తడబడితే తట్టుకోలేదు," అన్నారు.

"ఒక్కసారి అడుగుండ్రి సార్."

"నేను అడిగితే, నా అవసరానికి అడిగినట్టు ఉంటుంది. ఇన్నాళ్లూ అడగనివాణ్ణి ఇవాళ ఏ మొహంతో అడగను? నువ్వే అడుగు."

నేను క్యాంపస్ అడ్డంగా పడి తార్నాకకు దాదాపు పరుగెత్తాను. మేడమ్ పాలు కాస్తున్నారు. విషయం చెప్పాను. "ఎవరు పంపారు నిన్ను?" అన్నారు, గిన్నె వైపే చూస్తూ. "ఎవరు పంపలే. నేనే సార్‌ను అడిగిన. మిమ్మల్ని అడుగుమన్నరు," అన్నాను. పాలు పొంగాయి. ఆవిడ స్టవ్ తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుని, "కాగితాలు తెచ్చావా?" అన్నారు.

ఆ ఎనిమిది రోజులూ రిహార్సళ్లు ఆ ముందు గదిలోనే. మేడమ్ మొదలుపెట్టగానే సార్ వంటింట్లోకి వెళ్లిపోయేవారు. ఆయన దగ్గరుంటే ఆవిడకు ఇబ్బందనో, తనకే ఇబ్బందనో. అక్కడ నిలబడి మాకందరికీ కాఫీ కలిపి తెచ్చేవారు. కొన్ని రోజులు డికాక్షన్ నీళ్లలా, కొన్ని రోజులు కషాయంలా ఉండేది. ఎవరూ ఏమీ అనలేదు. మేడమ్ కూడా ఆ కాఫీ మొత్తం తాగి గ్లాసు పక్కన పెట్టేవారు.

ప్రదర్శన గుట్టల మధ్యనే, సాయంత్రం నాలుగింటికి. గ్రీకుల లెక్కన ఎండలోనే ఆడాలని సార్ పట్టు. హాస్టల్ పిల్లలు, ఇతర శాఖల లెక్చరర్లు, తోపుడుబండ్ల యాదగిరి, ఆయన స్నేహితులు, అక్కా బావా, సార్ పిల్లలిద్దరూ రాళ్ల మీద సర్దుకుని కూర్చున్నారు. గాలి ఎక్కువగా ఉంది. దూరంగా గూడ్సు బండి పోతూ ఉంది. మేడమ్ మొదటి అడుగు వెయ్యగానే నేను చూసిన ఇంటి మనిషి కనబడలేదు. ముక్కాలు వంతు నాటకం ఎక్కడా తడబడకుండా నడిచింది. చివరి ఘట్టం వచ్చింది. బృందంలో అమ్మాయి ఇత్తడి చెంబుతో కొత్త నీళ్లు తెచ్చి తల్లి చేతికి ఇచ్చింది. అక్కడ తల్లి పెద్ద మాట చెప్పాలి, ఒకటిన్నర పేజీ, అది అయ్యాక తాగాలి. మేడమ్ చెంబు పట్టుకుని నిలబడ్డారు. నోరు తెరవలేదు.

మొదట అందరూ ఇది నటన అనుకున్నారు. నాకు మాత్రం ఆవిడ కళ్లు చూడగానే తెలిసిపోయింది, ఒక్క అక్షరం కూడా లేదు. అక్కడ తెరల చాటు లేదు, మాట అందించే మనిషి లేడు. ముందు వరుసలో సార్ సగం లేచి మళ్లీ కూర్చున్నారు. నాకు ఆ సంభాషణంతా నోటికి వచ్చు, కానీ గ్రంథం భాషలో ఉన్న ఆ మాట నేనెలా అందించను? ఒక అడుగు ముందుకేశాను. ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో కానీ కడగకుండా, ఆరేయకుండా వచ్చాయి.

"ఏమాయె తల్లీ? నీళ్లొచ్చినయి గదా. నువ్వు తవ్వుమన్నవు, మేం ఊకొట్టినం. నువ్వొక్కదానివే కాదు, మేమందరం గూడ దించినం నీ కొడుకును. మమ్మల్ని తిట్టు, మా మీద మన్ను బోయ్. ఒక్క మాటన్న అనరాదు?"

మేడమ్ మెల్లగా నా వైపు తిరిగారు. కాసేపు నన్ను చూశారు.

"మీరందరూ దించారు," అన్నారు. "తాడు నా చేతిలో ఉంది."

చెంబు ఎత్తి నీళ్లు తాగారు. ఒకటిన్నర పేజీలో ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సింది మిగల్లేదు. మేం రాసుకున్నట్టు బృందమంతా నేల మీద కూర్చుండిపోయాం. నాటకం అయిపోయిందని తెలియడానికి జనానికి కొంత సమయం పట్టింది.

అక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "గామె నిజంగనే మర్చిపోయిందానే, లేకుంటె ఆట గట్లనే ఉన్నదా?" అని నా చెవిలో అడిగింది. గట్లనే ఉన్నదన్నాను. మేడమ్ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మరిచిపోయాను సుగుణా. కాళ్ల కింద నేల లేదు. నువ్వు మాట్లాడాక దొరికింది," అన్నారు. సార్ ముగ్గు గీత దాటి లోపలికి వచ్చారు. ఆవిడ చేతిలో చెంబు ఇంకా అలాగే ఉంటే దాన్ని తీసుకుని తను పట్టుకున్నారు. తరువాత నా వైపు తిరిగి, "నువ్వు అన్న మాటలు రాసి ఇవ్వమ్మా, ప్రతిలో చేరుద్దాం. ఎలా అన్నావో అలాగే రాయి," అన్నారు.

మరుసటి వారం క్లాసులో సార్ పాశ్చాత్య రంగస్థలంలో స్త్రీల గురించి చెప్పారు. గ్రీకుల దగ్గర ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టారని, ఇటలీలో ఊరూరా తిరిగే బృందాల్లో ఆడవాళ్లు ముందుగా కనబడ్డారని, ఇంగ్లీషువాళ్లకు చాలాకాలం గొంతు మారని మగపిల్లలే రాణులయ్యారని, తరువాత ఎప్పటికో ఆడవాళ్లు రంగమెక్కారని. మేడమ్ వెనక బెంచీ మీద కూర్చుని వింటున్నారు. సార్ స్వయంగా రమ్మన్నారని తరువాత తెలిసింది. పాఠం అయిపోయాక ఆయన వక్కపలుకు తీసుకోలేదు. "ఇంకొక్కటి ఉంది," అన్నారు. ఏలూరు కాలేజీలో ఒక అమ్మాయి మొదట ఏ వేషం కట్టిందో, రెండోదాంట్లో ఎక్కడ ఎలా నవ్వించిందో, మూడోదాంట్లో ఇంటి తాళంచెవులు అప్పగించేటప్పుడు చేతుల్ని ఎలా పట్టుకుందో, అన్నీ చెప్పారు. పదహారేళ్లలో ఒక్క కదలిక కూడా మరిచిపోలేదాయన. అన్నీ గుర్తుపెట్టుకున్న మనిషి ఒక్కసారి కూడా ఎందుకు పైకి అనలేదో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. చెప్పకపోయినా తెలుస్తుందిలే అనుకునే మగవాళ్ల కాలం అది. ఇప్పుడు ఆ కాలం పోయిందని అనలేను, కానీ నా క్లాసుల్లో కూర్చున్న ఆడపిల్లలు పదహారేళ్లు ఆగేవాళ్లు కాదని మాత్రం చెప్పగలను.

మేడమ్ ఆ తరువాత ఆగలేదు. ఊళ్లో చిన్నా పెద్దా బృందాల్లో ఏడాదికొకటి, రెండు వేషాలు. సార్ ఎప్పుడూ రెండో వరుసలో చివరి కుర్చీ. నేను పాతికేళ్లు రంగస్థల చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాను. పిల్లలు ఏ యాసలో చదివినా ఆపలేదు. ఇప్పుడు గుట్టల్లో సగం భవనాల కిందికి పోయాయి. తార్నాక మీదుగా మెట్రో వెళ్తోంది, సార్ ఇల్లు అపార్ట్‌మెంటైంది, అందులోనే మూడో అంతస్తులో వాళ్ల వాటా. ఇప్పటి పిల్లలు రాతి మెట్ల రంగశాలలను ఫోనులో చూస్తారు, నేటి నటులు అక్కడ ఆడుతున్నది కూడా చూస్తారు. మంచిదే, మాకు దొరకనిది వాళ్లకు దొరికింది. కానీ మాలాగా ఆ రంగశాల కొలత వేడి రాయి మీద అడుగులతో కొలిచినవాళ్లు ఇక ఉండరేమో అనుకుంటే కొంచెం దిగులేస్తుంది. ఆ దిగులు వాళ్ల కోసమో నా వయసు కోసమో తేల్చుకోలేను.

సంతాప సభ అయ్యాక మేడమ్ నన్ను ఆపారు. ఎనభై దాటాయి, వీపు కొంచెం వంగింది. "వచ్చే నెల కుర్రవాళ్లు వేసే నాటకంలో నాకో వేషం ఉంది. మానేస్తానంటే వాళ్లు ఒప్పుకోవడం లేదు, నాకూ మానాలని లేదు. నా మాటలు ఇంట్లో ఆయనే అందించేవారు. ఇప్పుడు నువ్వు వస్తావా?" అన్నారు.

"వస్త మేడమ్," అన్నాను.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మూడింటికి మెట్రో దిగి వాళ్ల ఇంటికి వెళ్తున్నాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంటారు, నేను ఎదురుగా కాగితాలు పట్టుకుంటాను. నిన్న రెండో సీను మధ్యలో ఆగిపోయారు. మాట నా నాలుక చివరే ఉంది. నేను అందించకుండా కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. ఆవిడే అందుకున్నారు.